కారులో ఏ కూలెంట్ పోయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి వచ్చిందంటే చుట్టాలు, స్నేహితుల దగ్గర్నుంచి నాకు ఒకటే రకం ఫోన్లు. "కూలెంట్ తగ్గింది, షాపులో పచ్చది ఉంది, ఎర్రది ఉంది, నీలంది ఉంది, ఏది తీసుకోను?" అని. కూలెంట్ అంటే ఇంజిన్ వేడిని రేడియేటర్‌కి మోసుకెళ్లే ద్రవం. ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పలేనివన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఐదారు వందల రూపాయల డబ్బా దగ్గర చేసిన పొరపాటు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ దాని పై భాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) దాకా వెళ్తే ఇంజిన్ విప్పాల్సి వస్తుంది, ఆ బిల్లు వేలల్లో ఉంటుంది.

మన దగ్గర మంచు పడదు కదా, యాంటీఫ్రీజ్ దేనికి? నీళ్లు పోస్తే సరిపోదా?

చాలామందికి ఉన్న అపోహ ఇదే, డబ్బా మీద యాంటీఫ్రీజ్ అని రాసి ఉంటుంది కాబట్టి అది కశ్మీర్ వాళ్లకే అనుకుంటారు. నిజానికి వేడిని మోయడంలో కూలెంట్ కంటే నీళ్లే మెరుగు. అందుకే కూలెంట్‌లో సగమో, అంతకంటే ఎక్కువో నీళ్లే ఉంటాయి. మరి మిగతా సగం ఎందుకంటే, రెండు పనులకు.

ఒకటి, మరిగే ఉష్ణోగ్రత. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కూలెంట్‌లో నీళ్లు కాక ఉండే అసలు ద్రవం ఇథైలీన్ గ్లైకాల్, అది సగం, నీళ్లు సగం కలిపితే 107 డిగ్రీల దాకా ఆగుతుంది. దానికి తోడు రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది (మూత మీద 0.9 అనో 1.1 అనో అచ్చు వేసి ఉంటుంది, ఎప్పుడైనా చూడండి), ఆ ఒత్తిడిలో 50:50 మిశ్రమం సుమారు 129 డిగ్రీల దాకా మరగదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఈ తేడా ఎంత విలువైందో తెలుస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం, తుప్పు పట్టకుండా కాపాడటం. ఇంజిన్ లోపల అల్యూమినియం ఉంటుంది, కాస్ట్ ఐరన్ ఉంటుంది, పాత కార్లలో రాగి, ఇత్తడి, టంకం కూడా ఉంటాయి. ఇన్ని లోహాలు ఒకే వేడి నీళ్లలో ఏళ్ల తరబడి నానుతుంటే ఏదో ఒకటి తినేసుకుపోతుంది. అలా జరగకుండా ఆపే మందులు కూలెంట్‌లో కలిపి ఉంటాయి. ఏ కారుకు ఏ కూలెంట్ అనే గొడవంతా ఈ మందుల గురించే. గ్లైకాల్ దాదాపు అన్నిట్లోనూ ఒకటే.

పాతది పచ్చగా ఉంది. పచ్చదే తెస్తే సరిపోతుందా?

సరిపోదు. రంగును నమ్మకండి. రంగు కంపెనీవాళ్లు కలిపే డై మాత్రమే, ఏ రంగు ఏ రకమో చెప్పే కట్టుబాటు ఎక్కడా లేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. హ్యుందాయ్ కార్లలో చాలా ఏళ్లుగా పచ్చ కూలెంట్ వస్తోంది, అది అల్యూమినియం రేడియేటర్ల కోసం చేసిన, తుప్పు మందుగా ఫాస్ఫేట్ వాడిన రకం. రోడ్డు పక్క షాపులో దొరికే చవక పచ్చ డబ్బా చాలాసార్లు సిలికేట్ మందు వాడిన పాతకాలపు రకం. రెండూ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి, లోపల సరుకు వేరు. అలాగే టయోటాది గులాబీ రంగు, ఫోక్స్‌వాగన్‌లో వచ్చిన జీ12 కూడా గులాబీయే, ఆ రెంటికీ కూడా పొత్తు లేదు.

రంగు ఉపయోగపడేది ఒక్క చోటే, లీకు కనిపెట్టడానికి. కారు కింద నేల మీద గులాబీనో పచ్చనో చుక్క కనిపిస్తే అది ఏసీ నీళ్లు కాదని వెంటనే తెలుస్తుంది.

మరి నా కారుకు ఏది సరైనదో ఎలా తెలుస్తుంది?

డాష్‌బోర్డ్ డబ్బాలో కవర్ కూడా విప్పని పుస్తకం ఒకటి ఉంటుంది చూడండి, అదే. ఓనర్స్ మాన్యువల్‌లో చివర్లో స్పెసిఫికేషన్ల పేజీ ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ ఎంత, బ్రేక్ ఆయిల్ ఏది అని రాసే చోటే కూలెంట్ గురించి కూడా ఒక వాక్యం ఉంటుంది. పుస్తకం పోయిందంటే కంపెనీ వెబ్‌సైట్లో పీడీఎఫ్ దొరుకుతుంది.

ఆ వాక్యంలో వెతకాల్సింది బ్రాండ్ పేరు కాదు. టయోటా మాన్యువల్‌లో అయితే సిలికేట్, అమైన్, నైట్రైట్, బోరేట్ లేని ఇథైలీన్ గ్లైకాల్ కూలెంట్, హైబ్రిడ్ ఆర్గానిక్ యాసిడ్ రకం అని ఉంటుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా వాళ్లు టీఎల్ 774 అనే నంబర్, దాని పక్కన ఒక అక్షరం ఇస్తారు. ఇప్పుడు షాపులో డబ్బా వెనక్కి తిప్పి ఆ మాటలు, ఆ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. ఉంటే వేరే బ్రాండ్ అయినా నిశ్చింతగా కొనుక్కోవచ్చు. "అన్ని కార్లకూ పనికొస్తుంది" అని ముందు పెద్ద అక్షరాలతో వేసి, వెనక ఒక్క స్టాండర్డ్ నంబర్ కూడా లేని డబ్బాను అక్కడే పెట్టేసి రండి.

డబ్బా మీద కనిపించే మామూలు స్టాండర్డ్లు ఇవి: మన దేశానిది ఐఎస్ 5759, జపాన్‌ది జేఐఎస్ కే 2234, అమెరికాది ఏఎస్‌టీఎం డీ3306. ఇవి ఉన్నాయంటే కనీస నాణ్యత ఉన్నట్టు. అంతమాత్రాన మీ కారుకు అదే సరైన రకమని మాత్రం కాదు, ఆ మాట మీ మాన్యువల్ చెప్పాలి.

పరిశోధన చేసే ఓపిక లేకపోతే మీ కారు కంపెనీ డీలర్ పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లి, మోడల్, సంవత్సరం చెప్పి వాళ్ల సొంత కూలెంట్ తెచ్చుకోండి. కాస్త ఖరీదు ఎక్కువైనా చాలామందికి నేను ఇచ్చే సలహా ఇదే.

ఐఏటీ, ఓఏటీ, హెచ్‌ఓఏటీ అంటారు, ఏమిటివన్నీ?

తుప్పు ఆపే మందుల రకాలు.

ఐఏటీ పాత పద్ధతి. సిలికేట్లు, ఫాస్ఫేట్లు లోహం మీద గబగబా ఒక పూత వేస్తాయి, గోడకు సున్నం కొట్టినట్టు. పని వేగంగా చేస్తుంది కానీ మందు తొందరగా అయిపోతుంది, రెండేళ్లకు మార్చేయాలి. రాగి, ఇత్తడి రేడియేటర్ ఉన్న పాత బండ్లకు ఇప్పటికీ ఇదే మంచిది.

ఓఏటీలో ఆర్గానిక్ ఆమ్లాల లవణాలు ఉంటాయి. ఇవి గోడంతా పూయవు, ఎక్కడ తుప్పు మొదలవబోతోందో అక్కడికే పోయి పట్టుకుంటాయి. అందుకే తొందరగా ఖర్చయిపోవు, ఐదేళ్లు, కొన్నయితే ఇంకా ఎక్కువ వస్తాయి. జనరల్ మోటార్స్ 1990ల మధ్యలో నారింజ రంగు డెక్స్‌కూల్‌తో దీన్ని అమెరికాలో బాగా వాడుకలోకి తెచ్చింది.

హెచ్‌ఓఏటీ అంటే హైబ్రిడ్ ఆర్గానిక్ యాసిడ్ రకం, ఆ రెండూ కలిపినది. ఆర్గానిక్ ఆమ్లాలకు తోడు కొద్దిగా సిలికేటో ఫాస్ఫేటో వేస్తారు. ఇప్పుడు వచ్చే కార్లలో ఎక్కువ భాగం ఇదే.

జపాన్ కార్లకు ఒకటి, యూరప్ కార్లకు ఇంకొకటి ఎందుకు? అందరూ కలిసి ఒకటే పెట్టొచ్చు కదా?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. యూరప్‌లో చాలాచోట్ల కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఫాస్ఫేట్ ఆ నీళ్లలో కలిస్తే గట్టి పొలుసులా గడ్డకట్టి రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. అందుకే అక్కడివాళ్లు ఫాస్ఫేట్ వద్దనుకుని సిలికేట్ వైపు వెళ్లారు. జపాన్‌లో నీళ్లు మెత్తటివి, వాళ్లకు ఫాస్ఫేట్‌తో ఇబ్బంది లేదు, పైగా సిలికేట్ వాటర్ పంప్ సీళ్లను అరగదీస్తుందని వాళ్ల ఇంజినీర్లు దాన్ని దూరం పెట్టి ఫాస్ఫేట్‌తోనే సాగారు. కొరియా వాళ్లదీ అదే దారి.

ఇప్పుడు మన సంగతి చూడండి. మన రోడ్ల మీద ఎక్కువ తిరిగేవి సుజుకి, హ్యుందాయ్, టయోటా, హోండా, కియా. అంటే ఎక్కువగా ఫాస్ఫేట్ సంప్రదాయం. మన నీళ్లు మాత్రం జపాన్ నీళ్లు కావు, మన బోర్లలో వచ్చేది ఉప్పు, సున్నం. ఫాస్ఫేట్ కూలెంట్‌లో బోరు నీళ్లు కలిపితే యూరప్ వాళ్లు దేనికి భయపడి ఆ దారి వదిలేశారో అది మన రేడియేటర్‌లో జరుగుతుంది. అందుకే తర్వాతి ప్రశ్న మీద నాకు అంత పట్టింపు.

కూలెంట్‌లో ఏ నీళ్లు కలపాలి?

డిస్టిల్డ్ వాటర్, లేదా డీమినరలైజ్డ్ వాటర్. బ్యాటరీల షాపులో, పెట్రోల్ బంకులో అమ్మే బ్యాటరీ వాటర్ అదే. కొనేటప్పుడు ఆసిడ్ డబ్బా కాదని మాత్రం చూసుకోండి.

ఒకటి చెప్తాను. నరసరావుపేటలో మా బాబాయికి పాత డీజిల్ కారు ఉండేది. ఆయన ఎప్పుడూ వెళ్లే షెడ్డులో "కూలెంట్ ఎందుకు సార్, డబ్బులు దండగ, నీళ్లు చాలు" అని చెప్పి, తగ్గినప్పుడల్లా అక్కడి బోరు పైపే పెట్టి నింపేవాళ్లు. నాలుగేళ్లు బాగానే నడిచింది, అదే ఇందులో మోసం, వెంటనే ఏమీ తెలియదు. ఒక ఏప్రిల్లో శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే ముందు ఏసీలో చల్లదనం పోయింది, తర్వాత డాష్‌బోర్డ్ మీది టెంపరేచర్ ముల్లు లేచి ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. పిన్ని, పిల్లలు అడవిలో రోడ్డు పక్కన చెట్టు కింద రెండున్నర గంటలు కూర్చున్నారు.

తర్వాత ఆ వాటర్ పంప్, థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వ్) విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పంప్ లోపల నీళ్లు తోసే రెక్కలు అంచులు తినేసి, చీమలు కొరికిన ఆకుల్లా ఉన్నాయి. థర్మోస్టాట్ చుట్టూ తెల్లగా, అంచుల్లో గోధుమ రంగుగా పొలుసు. నీళ్లు కాచుకునే హీటర్ రాడ్ మీద సున్నం గట్టిపడుతుంది చూడండి, సరిగ్గా అలాగే. గోరుతో గీకితే రాలేదు, స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే పెచ్చులుగా ఊడింది. ఆ పెచ్చులే రేడియేటర్‌లో కూడా నిండిపోయాయి. రేడియేటర్, పంప్, థర్మోస్టాట్ మూడూ కొత్తవి వేయాల్సి వచ్చింది.

ఇంట్లో ఆర్ఓ ఫిల్టర్ నీళ్లు పోయొచ్చా అని అడుగుతారు. బోరు కంటే చాలా నయం, కానీ అందులోనూ కొంత లవణం మిగులుతుంది, రుచి కోసం మళ్లీ ఖనిజాలు కలిపే మెషీన్లు కూడా ఉన్నాయి. దారిలో అవసరం పడితే పోయండి, కావాలని ఎంచుకోకండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు చూడ్డానికి స్వచ్ఛంగా ఉంటాయి, కానీ కాయిల్ మీది దుమ్మూ లోహమూ మోసుకొస్తాయి, వద్దు.

కాన్సంట్రేట్ కొనాలా, కలిపి ఉన్నది కొనాలా?

మీరే ఇంట్లో పోసుకునేట్టయితే కలిపి ఉన్నదే కొనండి. నీళ్ల టెన్షన్ ఉండదు, కొలతల గోల ఉండదు. "రెడీ టు యూజ్" అనో "ప్రీమిక్స్" అనో రాసి ఉంటుంది. దాంట్లో ఇంకా నీళ్లు కలపకూడదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

కాన్సంట్రేట్, అంటే నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ అయితే డబ్బా మీద ఉన్న పాళ్లే పాటించండి. మన వాతావరణానికి మూడో వంతు గ్లైకాల్ ఉన్నా గడ్డకట్టే భయం లేదు, కానీ అంతకంటే తగ్గిస్తే తుప్పు మందు పలచబడిపోతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లగా ఉంటుందనుకుని నీళ్లే కలపకుండా పోసినవాళ్లూ ఉన్నారు. అది ఉల్టా, చిక్కగా ఉన్న గ్లైకాల్ వేడిని సరిగా మోయలేదు, బండి ఇంకా వేడెక్కుతుంది.

రెండు రకాలు కలిసిపోతే ఇంజిన్ పాడవుతుందా?

ఆ రోజే పాడవదు, భయపడకండి. మామూలుగా జరిగేది ఏంటంటే, మందులు ఒకదాన్నొకటి దెబ్బతీసుకుని ఐదేళ్లు రావాల్సింది రెండేళ్లకే పనికిరాకుండా పోతుంది. కొన్ని కలయికల్లో మాత్రం సిలికేట్ విడిపోయి జిగురులా తేలుతుంది, అది హీటర్ (కారు లోపలికి వేడి గాలి ఇచ్చేది) గొట్టాల్లో ఇరుక్కుంటే కష్టం. పొరపాటున అర లీటరు వేరేది పోసి ఉంటే వీలు చూసుకుని మొత్తం తీసి కడిగించి కొత్తది వేయించండి.

ఏ రకమో తెలియనప్పుడు కొంచెం తగ్గితే? డిస్టిల్డ్ వాటర్ పోయండి. పావు లీటరు, అర లీటరు అయితే పలచబడేది తక్కువే, తెలియని కూలెంట్ కంటే అదే మేలు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, లోపల ఏం పోశారో తెలియదు.

ఆలోచించొద్దు, మార్చేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడండి. రంగు స్పష్టంగా, అడుగు కనిపించేట్టుంటే మామూలుగా మార్చేస్తే చాలు. టీ డికాక్షన్‌లా ఉంటే తుప్పు. పాలు కలిపిన కాఫీలా ఉంటే ఇంజిన్ ఆయిల్ కలుస్తోందని అర్థం, అది కూలెంట్‌తో తీరే సమస్య కాదు, ముందు మంచి మెకానిక్‌కి చూపించండి.

నేనే మార్చుకోవచ్చా?

చేయొచ్చు, కానీ ఒక చిక్కు ఉంది. రేడియేటర్ కింద ప్లగ్ విప్పితే మొత్తం రాదు. ఇంజిన్ బ్లాక్‌లో, హీటర్‌లో చాలా మిగిలిపోతుంది. నీళ్లతో కడిగినప్పుడు ఆ కడిగిన నీళ్లు కూడా అలాగే లోపల ఉండిపోతాయి. చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలనేది అందుకే.

లెక్క ఇలా వేసుకోండి. మాన్యువల్‌లో మీ కారుకు 5 లీటర్లు పడుతుందని ఉందనుకుందాం, కడగడం అయ్యాక ప్లగ్ విప్పితే 3 లీటర్లే బయటికి వచ్చాయి. అంటే లోపల 2 లీటర్ల నీళ్లు ఉన్నాయి. ఇప్పుడు కలిపి ఉన్నది 3 లీటర్లు పోస్తే బాగా పలచబడుతుంది. అదే కాన్సంట్రేట్ అయితే ముందు రెండున్నర లీటర్లు పోసి, మిగతా అర లీటరు డిస్టిల్డ్ వాటర్ పోస్తే సరిగ్గా 50:50 వస్తుంది. ప్రీమిక్స్‌తోనే చేయాలంటే రెండు మూడు సార్లు నింపి, నడిపి, తీసి మళ్లీ నింపాలి.

నింపాక గాలి పోవాలి. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, రేడియేటర్ ఫ్యాన్ ఒకటి రెండు సార్లు ఆన్ అయ్యేదాకా ఇంజిన్ నడపండి. చల్లారాక లెవెల్ చూసి నింపండి, తర్వాత వారం రోజులూ పొద్దున్నే ఒకసారి చూస్తుండండి.

ఎన్నాళ్లకు మార్చాలి?

మాన్యువల్‌లో ఉన్న కిలోమీటర్లు, సంవత్సరాలు, వాటిలో ఏది ముందొస్తే అది. బండి కదలకుండా పార్కింగ్‌లో ఉన్నా మందు పాతబడుతుంది. మధ్యలో ఎవరైనా బోరు నీళ్లు పోసి ఉంటే ఆ లెక్కలు ఇక చెల్లవు.

లెవెల్ మాటిమాటికీ తగ్గుతోంది. పోస్తూ ఉండొచ్చా?

వద్దు. ఇది మూతలు మూసి ఉన్న వ్యవస్థ, నెలనెలా తగ్గకూడదు. తగ్గుతోందంటే గొట్టం, క్లిప్, పంప్, రేడియేటర్, మూత, హెడ్ గాస్కెట్ వీటిలో ఏదో ఒకటి లీకవుతోంది. ప్రెషర్ టెస్ట్ చేయించండి.

లీకుకు రేడియేటర్‌లో పసుపు వేస్తే ఆగుతుందంటారు, నిజమేనా?

ఆగుతుంది. లారీ డ్రైవర్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే. ఆ పొడి సన్న రంధ్రంలో ఇరుక్కుని మూసేస్తుంది. కానీ ఇప్పటి కార్ల రేడియేటర్, హీటర్ గొట్టాలు ఆ రంధ్రం అంత సన్నగా ఉంటాయి, పసుపుకు ఏది లీకో ఏది దారో తెలియదు కదా. అడవి మధ్యలో ఉండి ఊరు చేరడానికి వేరే దారి లేకపోతే తప్ప వేయకండి. వేస్తే ఊరు చేరాక మొత్తం కడిగించండి. లీకు ఆపడానికి షాపులో అమ్మే స్టాప్ లీక్ డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది.

"ఎండలు ఎక్కువ, థర్మోస్టాట్ పీకేద్దాం" అంటున్నాడు మెకానిక్.

ఒప్పుకోవద్దు. థర్మోస్టాట్ చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, అప్పటిదాకా ఇంజిన్‌ను త్వరగా వేడెక్కనిస్తుంది. తీసేస్తే ఇంజిన్ ఎప్పుడూ సగం చల్లగా నడుస్తుంది, మైలేజ్ పడిపోతుంది, ఆయిల్ తొందరగా చెడుతుంది. అది పాడైతే కొత్తది వేయమనండి.

దారిలో ముల్లు పైకి లేస్తే ఏం చేయాలి?

ఏసీ ఆపండి, హీటర్ ఫుల్‌గా పెట్టండి, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. మూత ముట్టుకోకండి. లోపల 100 డిగ్రీలు దాటిన నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి, మూత తిప్పగానే మొహం మీదికి చిమ్ముతాయి. తొందరపడి గుడ్డ వేసి తిప్పి చేతులు కాల్చుకున్నవాళ్లు ఎందరో. కనీసం ముప్పావు గంట ఆగండి, రేడియేటర్ పై గొట్టం పట్టుకుంటే చెయ్యి ఓర్చుకునేంత చల్లారాలి. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ వంకర పోవచ్చు, పగలొచ్చు. చల్లారాక మీ దగ్గరున్న తాగే నీళ్లు పోసి దగ్గర్లోని ఊరికి వెళ్లండి, ఇక్కడ మాత్రం ఏ నీళ్లయినా సరే.

కారేసుకుని లదాఖ్ వెళ్తున్నాం. మన కూలెంట్ సరిపోతుందా?

మూడో వంతు గ్లైకాల్ ఉంటే సుమారు మైనస్ 18 దాకా గడ్డకట్టదు, సగం ఉంటే మైనస్ 37 దాకా. వేసవి ట్రిప్పుకు మొదటిది చాలు, చలికాలం అయితే 50:50 తప్పనిసరి. లోపల ఎంతుందో తెలియకపోతే రిఫ్రాక్టోమీటర్ (గ్లైకాల్ పాళ్లు కొలిచే పరికరం) ఉన్న సర్వీస్ సెంటర్లో ఒక్క చుక్క వేసి చెప్పేస్తారు. నీళ్లు మాత్రమే పోసిన బండితో ఆ చలిలోకి వెళ్తే నీళ్లు మంచుగడ్డై ఉబ్బి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. అమెరికాలో చికాగో, మిన్నియాపోలిస్ వైపు ఉండే మనవాళ్లు శీతాకాలం ముందు ఇది చూపించుకోవాలి.

ఎలక్ట్రిక్ కారుకు కూడా ఇదేనా?

కాదు. కొన్ని ఈవీల్లో బ్యాటరీ చుట్టూ తిరిగే కూలెంట్ కరెంటును చాలా తక్కువగా పారనిచ్చే ప్రత్యేక రకం. మాన్యువల్‌లో పేరు పెట్టి చెప్పింది తప్ప ఇంకేదీ పోయకండి, కారులోని కూలెంట్ ట్యాంకు మూత ఇంట్లో తీసే ప్రయత్నం కూడా చేయకండి.

తీసిన పాత కూలెంట్ ఎక్కడ పారబోయాలి?

వాకిట్లో, కాలవలో, చెట్టు మొదట్లో వద్దు. ఇథైలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు ఇష్టంగా నాకుతాయి. ఒంట్లోకి వెళ్లాక అది ఆక్సలేట్ స్ఫటికాలుగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, చిన్న ప్రాణికి కొద్దిగా పోయినా చాలు. కడుగుతున్నప్పుడు కింద వెడల్పాటి టబ్బు పెట్టండి, కింద పడిన చుక్కల మీద ఎక్కువ నీళ్లు పోసి తుడవండి, పాతదాన్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌ను అడిగి అక్కడ ఇవ్వండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "విషం" అని రాయండి. మిగిలిన కొత్త కూలెంట్‌ను కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పోసి పెట్టకండి. పచ్చగా, తియ్యగా ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటారు.